మా అత్త పెట్టిన పేరు పసుపంబలి

మా అత్తకి 74 ఏళ్ళు. నాకు అత్తగారే కాదు, మేనత్త కూడా. పోయిన దసరాకి ముందు, మా విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను సంబరానికి ఇంకా నెల ఉందనగా, కింది దవడలో మిగిలిన ఆరు పళ్ళూ తీయించేశాం. కట్టుడు పళ్ళు పెట్టించాం గానీ చిగుళ్ళు ఒరుసుకుంటున్నాయని వాటిని గ్లాసు నీళ్ళలోనే ఉంచేస్తుంది. అప్పట్నించీ మెత్తటి అన్నం, పప్పుకట్టు, చోడి (రాగి) అంబలి. కూరలో ముక్కని చెంచాతో పక్కకి నెట్టేయడం, పండు కోసిస్తే "పిల్లలకి పెట్టు" అనడం మొదలైంది. రెండు నెలల్లో జాకెట్లు వదులయ్యాయి. నేను కుట్టు విప్పి మళ్ళీ బిగించాను. అలా బిగిస్తున్నప్పుడే నాకు భయం పుట్టింది.

పాలు పోసి చిక్కగా ఏదైనా చేద్దామంటే ఆవిడకి పాలు పడవు. రెండేళ్ళుగా టీలో వేసే పాలు తప్ప ఏవి తాగినా కడుపు ఉబ్బరం, ఆపైన విరేచనాలు. మా అమ్మాయి విశాఖలో నర్సింగ్ చదువుతోంది. ఫోన్లో అదే అంది, "అమ్మా, మామ్మకి పాలు లేకుండా స్మూతీ చెయ్యి, కొబ్బరి వెయ్యి, కొంచెం పసుపు వెయ్యి" అని. స్మూతీ అంటే నాకు తెలిసింది మాల్‌లో పొడుగు గ్లాసులో అమ్మేది. ఇంట్లో మిక్సీలో అలాంటిది అవుతుందని అనుకోలేదు.

మొదటిసారి చేసినప్పుడు మా అత్త గ్లాసులోకి తొంగి చూసి, "ఏటే ఇది? పసుపు కాళ్ళకి రాసుకుంతారు గానీ గలాసులో పోసుకు తాగుతారేటి?" అంది. ఒక్క గుటక వేసి పక్కన పెట్టేసింది. ఆవిడ తప్పేం లేదు. నేను పచ్చి క్యారెట్టు, అరటిపండు, అర చెంచా పసుపుపొడి, అన్నీ ఒకేసారి మిక్సీలో పడేసి తిప్పాను. క్యారెట్టు రవ్వరవ్వగా ఉండిపోయింది. పసుపు పచ్చి వాసన ముక్కుకి కొట్టింది. పళ్ళు లేని మనిషి నోట్లో ఆ రవ్వ ఎక్కడ ఇరుక్కుంటుందో అప్పటిదాకా నేను ఆలోచించలేదు.

ఆ తర్వాత పది పదిహేను రోజులు రోజూ ఏదో ఒకటి మార్చుకుంటూ వచ్చాను. పొద్దున్న తొమ్మిదిన్నరకి మా జిరాక్స్ షాపు తెరవాలి కాబట్టి నాకున్నది ఇరవై నిమిషాలు. ఇప్పుడు చేస్తున్న పద్ధతి అలా కుదిరిందే.

ముందుగా క్యారెట్టు. ఒక మధ్యరకం క్యారెట్టు చెక్కు తీసి, నాలుగు ముక్కలు చేసి, అన్నం కుక్కర్లోనే చిన్న గిన్నెలో పెట్టేస్తాను. అన్నంతో పాటే ఉడికిపోతుంది, వేరే గ్యాస్ ఖర్చు లేదు. ఉడికిన క్యారెట్టులో తీపి కూడా బాగా తేలుతుంది. పళ్ళు గట్టిగా ఉన్నవాళ్ళు పచ్చిదే వేసుకోవచ్చు, మా ఇంట్లో మాత్రం ఉడికిందే.

తర్వాత చట్నీ జారు. స్మూతీకి పెద్ద జారు పట్టుకుంటారు అందరూ, నేనూ అలాగే చేసి చెడగొట్టుకున్నాను. పసుపు కొమ్ము ముక్క, అందులో సగం అల్లం ముక్క, మూడు మిరియాలు, రెండు చెంచాల పచ్చికొబ్బరి తురుము. ఈ నాలుగూ చిన్న చట్నీ జారులో వేసి, రెండు చెంచాల నీళ్ళు పోసి, కొబ్బరి పచ్చడికి రుబ్బినట్టు మెత్తగా రుబ్బాలి. వేలితో తీసి బొటనవేలితో రుద్దితే గరుకు తగలకూడదు. అది అయ్యాకే పెద్ద జారు. అందులో ఒక కప్పు మగ్గిన బొప్పాయి ముక్కలు (మా అత్త బొబ్బాసి అంటుంది), సగం అరటిపండు, ఉడికిన క్యారెట్టు, ఈ ముద్ద, ఒక గ్లాసు నీళ్ళు. రెండు నిమిషాలు తిప్పి, ఆపాక అర నిమ్మచెక్క పిండాలి. పంచదార వెయ్యను, బెల్లం వెయ్యను, తేనె వెయ్యను. బొప్పాయి సరిగ్గా మగ్గితే ఆ తీపి చాలు. వడకట్టను కూడా. వడకడితే పీచంతా జల్లెడలో ఉండిపోతుంది, గ్లాసులోకి దిగేది తీపినీళ్ళే. ఆవిడకి మలబద్ధకం ఉంది, ఆ పీచు కోసమే కదా ఈ శ్రమంతా.

ఇది రెండు చిన్న స్టీలు గ్లాసులు వస్తుంది. ఒకటి ఆవిడకి, ఒకటి నాకు. చిక్కదనం మాత్రం అంబలిలా ఉండాలి. గ్లాసు వంచితే నెమ్మదిగా కదలాలి, గబుక్కున ఒలికిపోకూడదు. అలా కుదిరిన రోజునే మా అత్త మొదటిసారి గ్లాసు ఖాళీ చేసింది. "ఇది మన చోడంబలి లాగే ఉందే, పసుపంబలి" అంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో దానికి అదే పేరు. స్మూతీ అన్న మాట మా అమ్మాయి ఒక్కతే వాడుతుంది.

పాల బదులు కొబ్బరి వేయడం ఆవిడకి పాలు పడకపోవడం వల్ల మొదలైనా, బొప్పాయికి అదే మేలని తర్వాత తెలిసింది. బొప్పాయిలో మాంసకృత్తుల్ని విరిచే గుణం ఉంది. అందుకే పాలతో కలిపి కాసేపు ఉంచితే చేదెక్కుతుంది. అనాసపండు కూడా అంతే. సీతంపేట అనాసపండ్లు బజారుకి వచ్చే రోజుల్లో బొప్పాయి బదులు అవే వేస్తాను, కొబ్బరితో ఆ పులుపు బాగా కలుస్తుంది.

ఇక పసుపు గురించి. దీని దగ్గర కాసేపు ఆగాలి.

పచ్చి పసుపు కొమ్ములు మా దాసన్నపేట రైతుబజారులో సంక్రాంతి ముందు నుంచి కనబడతాయి. ఒకావిడ సాలూరు వైపు నుంచి తెస్తుంది. గోనెపట్టా మీద ఒక పక్కన అల్లం, ఒక పక్కన పసుపు పోసుకుని కూర్చుంటుంది. మట్టి అంటుకుని ఉంటే రెండూ ఒకేలా ఉంటాయి. గోటితో చిన్నగా గీరితే తెలిసిపోతుంది, అల్లం లేత పసుపు, పసుపైతే క్యారెట్టు లోపలి రంగు. వాసన కూడా పొడి వాసన కాదు. తడి మట్టి, పచ్చి క్యారెట్టు, వాటి వెనక ఎక్కడో మామిడాకు తుంచిన వాసన. చెక్కు చాకుతో తీస్తే సగం కొమ్ము పోతుంది. చెంచా అంచుతో గీకాలి, పల్చటి పొర ఒక్కటే లేస్తుంది. గీకిన వేళ్ళు రెండు రోజులు పచ్చగానే ఉంటాయి. షాపులో కాగితాలు అందిస్తుంటే కుర్రాళ్ళు అడిగేవాళ్ళు, "ఆంటీ, ఇంట్లో పెళ్ళా?" అని.

పచ్చి కొమ్ము అర అంగుళం ముక్క చాలు. కొమ్ములు దొరకని రోజుల్లో పావు చెంచా పొడి. పచ్చి కొమ్ములో చాలా భాగం నీరే, అందుకే అది కాస్త ఎక్కువ పడుతుంది. పొడి వేసేటప్పుడు పచ్చి వాసన పోవాలంటే గరిటెలో అర చెంచా కొబ్బరినూనె వేడి చేసి, పొయ్యి కట్టేశాక అందులో పొడి వేసి ఒకసారి కలిపి ముద్దలో వెయ్యాలి. మంట మీద ఉండగా వేస్తే మాడి చేదొస్తుంది.

మిరియాలూ కొబ్బరీ రుచికి మాత్రమే కాదు. పసుపుకి ఆ రంగు ఇచ్చేది కర్క్యుమిన్. అది నీళ్ళలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. మన ఒంటికి పట్టేది కూడా బహు తక్కువ. తిన్నదాన్ని కాలేయం గబగబా మార్చి బయటికి పంపేస్తుంది. మిరియాల్లో ఉండే పైపెరిన్ ఆ పనిని కాసేపు నెమ్మది చేస్తుంది. 1998లో బెంగళూరు పరిశోధకులు మనుషులకి 2 గ్రాముల కర్క్యుమిన్‌తో పాటు 20 మిల్లీగ్రాముల పైపెరిన్ ఇచ్చి చూశారు. రక్తంలోకి చేరింది ఏకంగా 20 రెట్లు అయింది. మా అమ్మాయి ఈ సంగతి చెప్పినప్పుడు నాకు చారు గుర్తొచ్చింది. పసుపు, మిరియాలు, పైన పోపు. జలుబు చేస్తే మా అమ్మ పెట్టే మిరియాల చారులో ఈ మూడూ ఉండేవి.

అయితే ఇక్కడే ఒక లెక్క కూడా చెప్పాలి. పసుపు పొడిలో కర్క్యుమిన్ నూటికి 3 పాళ్ళ చుట్టుపక్కల ఉంటుంది. ఆ పరిశోధనలో ఇచ్చిన 2 గ్రాములు కావాలంటే 60 గ్రాములకు పైగా పసుపు తినాలి. మనం వేసేది పావు చెంచా, గ్రాము కూడా తూగదు. కాబట్టి ఈ అంబలి తాగితే కీళ్ళనొప్పులు మాయమవుతాయి, షుగర్ తగ్గిపోతుంది అని నేను చెప్పను. ఎవరైనా ఫోన్లో అలాంటి వీడియోలు పంపితే నమ్మకండి. ఇది ఒక పండు, ఒక కూరగాయ, కాస్త కొబ్బరి, కాస్త పసుపు. నోటితో నమల్లేని మనిషి కడుపులోకి అవి వెళ్ళాలని చేసుకునేది. మా అత్తకి దీనివల్ల జరిగింది నాకు కళ్ళముందు కనబడుతోంది. పొద్దున్నే విరేచనం సాఫీగా అవుతోంది, నోటికి రుచి తెలుస్తోంది, పది గంటలకి ఆకలి అంటోంది. జాకెట్లు మళ్ళీ విప్పి వదులు చేశాను.

పొడి కొనేటప్పుడు కాస్త జాగ్రత్త. మరీ మెరిసిపోయే పసుపు నేను కొనను. రంగు కోసం లెడ్ క్రోమేట్ కలిపేవాళ్ళు ఉన్నారు, అది సీసం, పిల్లల మెదడుకి చాలా చెరుపు. కొమ్ములకి కూడా పైన ఆ రంగు పూస్తారు. అందుకే గంటస్తంభం దగ్గర కిరాణా కొట్లో మాసిన రంగులో ఉన్న ఎండు కొమ్ములే ఏరుకుని, అరచేతిలో రుద్ది చూసి, కడిగి ఎండబెట్టి, పిండి మరలో ఆడించుకుంటాను. అరకిలో ఆడిస్తే మాకు ఏడాది వస్తుంది.

మరకల సంగతి కూడా చెప్పేస్తాను, ఎందుకంటే మొదటి వారం నాకు అదే పెద్ద టెన్షన్. మిక్సీ మూత తెల్లది, పచ్చగా అయిపోయింది. సబ్బు, పీచు, నిమ్మచెక్క, ఏదీ పనిచెయ్యలేదు. విసిగిపోయి డాబా మీద ఎండలో పడేశాను. సాయంత్రం తెచ్చి చూస్తే మళ్ళీ తెల్లగా ఉంది. పసుపు రంగు వెలుతురుకి నిలవదట. ఇంకోరోజు మా అత్త లేతరంగు చీర మీద ఒలికింది. సబ్బు పెట్టగానే ఆ మరక ఎర్రగా మారింది. నేను కంగారుపడితే ఆవిడ, "కుంకం అయిందే" అంది. నిజంగానే పసుపుకి సున్నం తగిలితే ఎర్రబడి కుంకుమ అవుతుంది, సబ్బు గుణమూ అదే. ఆవిడ చిన్నప్పుడు వాళ్ళ ఇంట్లో కుంకుమ చేసుకునేవాళ్ళట, పసుపు, సున్నం, నిమ్మరసం పట్టించి. ఆ చీర కూడా జాడించి ఎండలో ఆరేస్తే మరక పోయింది.

వేసవిలో ఒక పొరపాటు జరగబోయింది, అది తప్పక రాయాలి. చలవ చేస్తుందని బొప్పాయి తగ్గించి పచ్చి ఆనపకాయ (సొరకాయ) ముక్కలు వేద్దామనుకున్నాను. కోసి జారులో వేస్తుంటే మా అత్త మంచం మీంచే అడిగింది, "నాలిక మీద పెట్టి సూసావా?" అని. చూడలేదు. ముక్క కొరికితే విషంలా చేదు. ఆనపకాయ కూర వండే ముందు ఒక ముక్క రుచి చూడడం మా అమ్మమ్మల కాలం నుంచీ ఉన్న అలవాటు. మిక్సీ కంగారులో నేను మర్చిపోయాను. చేదు ఆనపకాయలో, చేదు కీరాలో ఉండేవి కుకుర్బిటాసిన్లనే విషపదార్థాలు. చేదు ఆనపకాయ రసం తాగి మన దేశంలో మనుషులు చనిపోయారు కూడా. భారత వైద్య పరిశోధన మండలి దీనికోసం నిపుణుల కమిటీ వేసింది. చేదుగా ఉంటే తాగొద్దు, పారేయండి అన్నదే వాళ్ళు చెప్పిన మాట. పండ్ల తీపిలో ఆ చేదు కొంత దాగిపోతుంది కాబట్టి మిక్సీలో వేశాక తెలియకపోవచ్చు. ముక్క కోయగానే నాలిక మీద పెట్టుకోండి. అన్ని కూరగాయల్లోకీ నేను ఇప్పుడు ఎక్కువ భయపడేది దానికే.

కానీ ఈ పోస్టు రాయాలని నాకు అనిపించింది వేరే సంగతికి.

మా అప్పని (అక్కని) శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి దగ్గర ఊరికి ఇచ్చాం. కొబ్బరి తోట ఉన్న ఇల్లు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చిన రాత్రి ఇంటి వెనకున్న నలభై చెట్లలో పదకొండు మిగిలాయి. తర్వాత నాటిన మొక్కలు ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయి. నా స్మూతీలో వేసే కొబ్బరికాయలు అక్కడివే. ఎవరైనా విజయనగరం వస్తుంటే మా అప్ప గోనెసంచిలో పదో పదిహేనో పంపుతుంది. మా బావకి నాలుగేళ్ళ కిందట కిడ్నీ జబ్బని తేలింది. ఉద్దానంలో ఇది ఇంటింటి కథ, ఎందుకొస్తోందో ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి తెరిచారు. బావకి ఇప్పుడు వారానికి రెండుసార్లు డయాలసిస్.

కనుమ నాడు ఇద్దరూ మా ఇంటికి వచ్చారు. నేను పొద్దున్నే అందరికీ పసుపంబలి చేశాను. అప్పుడు నీళ్ళ బదులు కొబ్బరినీళ్ళే పోసేదాన్ని, రుచి బావుంటుందని. పండగ కదా అని పెద్ద గ్లాసులు తీశాను. బావ మొహమాటస్తుడు, ఇచ్చింది కాదనడు. గ్లాసు అందుకుని, "బావుందమ్మా వాసన" అని నోటి దగ్గరకి తీసుకెళ్ళాడు. మా అప్ప వంటగదిలోంచి వచ్చి, "ఆగండి" అంది. నా వైపు తిరిగి, "ఇందులోకి ఏటేటి ఏసినావే?" అంది.

నేను గొప్పగా చెప్పడం మొదలుపెట్టాను. అరటిపండు అన్నాను. అప్ప ఏం మాట్లాడలేదు. బొప్పాయి, క్యారెట్టు, ఒక టమాటా అన్నాను. పసుపు అన్నాను. కొబ్బరినీళ్ళు అనేసరికి అప్ప బావ చేతిలోంచి గ్లాసు తీసుకుని గట్టు మీద పెట్టేసింది. ఏం కోపంగా కాదు. వేడి గిన్నె దగ్గర్నించి పిల్లాణ్ణి జరిపినట్టు, అంతే.

ఆ మధ్యాహ్నం అప్ప నాకు అంతా విడమర్చి చెప్పింది. ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఏ పండ్లు మంచివంటామో వాటిలో చాలావాటి గొప్ప పొటాషియమే. మన మూత్రపిండాలు ఎక్కువైనదాన్ని బయటికి పంపేస్తాయి. అవి పనిచేయని మనిషికి అది రక్తంలోనే ఉండిపోతుంది, హద్దు దాటితే గుండె లయ తప్పుతుంది. కొబ్బరినీళ్ళు, అరటిపండు, టమాటా, బత్తాయి, ఇవన్నీ ఆ జాబితాలోనే. పసుపులో కిడ్నీలో రాళ్ళు కట్టించే ఆక్సలేట్లు ఎక్కువ, అవీ కిడ్నీకి మంచివి కావు. పైగా నీళ్ళకి కూడా కొలత. మా అప్ప సంచిలో ఒక చిన్న సీసా ఉంది, పైన రెండు రబ్బరు బ్యాండ్లు చుట్టి ఉన్నాయి. మధ్యాహ్నానికి మొదటి బ్యాండు దాకా, రాత్రికి రెండోదాని దాకా. బావ రోజంతా తాగే నీరు, టీ, చారు అన్నీ ఆ లెక్కలోనే. నేనిచ్చిన పెద్ద గ్లాసు ఒక్కటీ ఆయన సగం రోజు నీళ్ళు. కూరగాయలు కూడా సన్నగా తరిగి, బోలెడు నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి వండుతుందట.

సొంత తోట ఉన్న మనిషి. కొత్తగా నాటిన చెట్టు మొదటి గెల దింపినప్పుడు అందరికీ బొండాలు కొట్టి ఇచ్చాడట, తను తాగలేదు. ఈ మాట అప్ప మామూలుగానే చెప్పింది. నేను ఆ సీసా వైపు చూస్తూ ఉండిపోయాను.

"నువ్వేం అనుకోకమ్మా, ముందే సెప్పాల్సింది నేనే" అన్నాడు బావ. అప్ప ఒక ఆపిల్ తీసి, చెక్కు తీసి, సగం కోసి పళ్ళెంలో పెట్టింది. దాన్ని ఆయన ముక్క ముక్కా నెమ్మదిగా, పండగ పిండివంట తిన్నట్టు తిన్నాడు. మిగతా సగం మా అత్తకి మెత్తగా ఉడికించి ఇచ్చాను.

ఆ రోజు నుంచి ఎవరికైనా ఈ గ్లాసు ఇచ్చే ముందు అడుగుతున్నాను. షాపుకి వచ్చే ఒకావిడ రక్తం పలచబడే మాత్రలు వాడుతోంది, డాక్టర్ని అడిగాకే పసుపు వేసుకోమన్నాను. పిత్తాశయంలో రాళ్ళున్నవాళ్ళకీ అదే మాట. ఎదురింటి పెద్దాయనకి ఇదివరకు కిడ్నీలో రాయి వచ్చింది, పాలకూరా పసుపూ కలిపి రోజూ తాగుతున్నాడు ఎవరో చెప్పారని. రెండింటిలోనూ ఆక్సలేట్లు ఎక్కువని, ముందు డాక్టరుకి చూపించుకోమని చెప్పాను. షుగర్ ఉన్నవాళ్ళకి అరటిపండు తీసేసి, చిన్న గ్లాసుడు, టిఫిన్‌తో పాటు. మా అత్తకి కొబ్బరినీళ్ళు మానేసి మామూలు నీళ్ళే పోస్తున్నాను. ఆవిడకి కిడ్నీ బాగానే ఉంది, అయినా 74 ఏళ్ళ మనిషి కదా, ఏటా ఒకసారి క్రియాటినిన్ పరీక్ష (కిడ్నీ పనితీరు చూసే రక్తపరీక్ష) చేయించమని అప్ప గట్టిగా చెప్పింది. ఫిబ్రవరిలో చేయించాను, మామూలుగానే ఉంది.

ఇప్పుడు ఆషాఢం. బజారులో పచ్చి కొమ్ములు లేవు, పొడితోనే నడుస్తోంది. రైతుబజారావిడ మార్చిలో చివరిగా ఇచ్చిన కొమ్ముల్లో మూడింటికి మొలక కళ్ళు కనబడుతుంటే వాడకుండా ఇసుకలో దాచాను. మృగశిర వానలు పడగానే డాబా మీద పాత బకెట్‌లో మట్టీ పేడఎరువూ కలిపి నాటాను. నెల దాటింది. రెండింటికి ఆకులు విచ్చుకున్నాయి, మూడోది ఇంకా సూదిలా ఉంది. మొన్న వీడియో కాల్‌లో అప్పకి చూపిస్తే, కొమ్ములు నువ్వే ఉంచుకో, ఆకులు మాత్రం నాకు దాచు అంది. వాళ్ళ పక్కింటి ఒడియా వాళ్ళు కార్తీక పున్నమి దాటాక వచ్చే ప్రథమాష్టమికి పసుపాకుల్లో పిండి మడిచి ఆవిరి మీద ఉడికిస్తారు, ఆ వాసన బావకి ఇష్టం. ఎన్ని ఆకులు కావాలని అడిగాను. వెనకనుంచి బావ గొంతు వినబడింది, "మనిషికి రెండు లెక్కన ఎయ్యమ్మా" అని.